గడువు ఎవరిది? ఐరిష్ సంతను రాస్తున్న అమ్మాయికి ఒక ఉత్తరం

చిరంజీవి మాధవికి, ఆశీస్సులు.

నీ నవల మొదటి మూడు అధ్యాయాలూ చదివాను. 1890ల నాటి ఐర్లండ్‌లోని కెర్రీ పల్లెను తెలుగులో రాయాలన్న ఆలోచన బాగుంది. కార్క్‌లో ఉంటున్నావు కాబట్టి ఆ వాన, ఆ బురద, ఆ రాతి గోడలు నీ కళ్ళకు తెలిసినవే, రాతలో అది కనిపిస్తోంది కూడా. రెండో అధ్యాయంలో సంత మాత్రం నిలబడలేదమ్మా. పశువులున్నాయి, జనం ఉన్నారు, అరుపులున్నాయి, బేరం లేదు. రైతు ఒక ధర చెప్పాడు, వర్తకుడు తగ్గించమన్నాడు, మధ్యలో ఎక్కడో తెగింది. అంత మాత్రానికి నీ సంత జరిగే కిల్లార్గ్లిన్ దాకా వెళ్ళక్కర్లేదు.

బేరాన్ని ధర దగ్గర మొదలుపెట్టకు. ఆ రోజు అమ్మకుండా ఇంటికి తిరిగి వెళ్ళగలిగినవాడెవడు, వెళ్ళలేనివాడెవడు అన్నది ముందు తేల్చుకో. మిగతా మాటలన్నీ దాన్నుంచే పుడతాయి. ధర అందరికీ తెలుసు. గడువు ఎవరిమీద ఉందో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడు దాన్ని పసిగట్టాలని చూస్తుంటాడు. సంతలో జరిగే నటన అంతా ఇందుకే.

నీ రైతు ఆగస్టులో కిల్లార్గ్లిన్ సంత అయిన పక్ ఫెయిర్‌కి పాడి ఆవును తోలుకెళ్ళి, కౌలు కట్టడానికని కన్నీళ్ళు పెట్టుకుని అమ్మాడు. ఇందులో రెండు తప్పులున్నాయి. కౌలు కిస్తీలు మామూలుగా ఏడాదికి రెండు. చాలా ఎస్టేట్లలో మే 1, నవంబరు 1. కొన్నిచోట్ల మార్చి 25, సెప్టెంబరు 29. వాటిని గేల్ రోజులనేవారు. పక్ ఫెయిర్ ఆగస్టు 10, 11, 12 తేదీల్లో. నవంబరు కిస్తీకి ఇంకా రెండున్నర నెలలుంది, పొలంలో పచ్చిక ఉంది, ఆవు పాలిస్తోంది. అప్పుడు ఆవునెందుకు అమ్ముతాడు? ఆవు అంటే వెన్న, వెన్న అంటే రొక్కం. చిన్న రైతు ముందుగా అమ్మేది ఏడాది, రెండేళ్ళ కోడెను, లేదా పందిని. పందిని ఇంట్లో కోసుకు తినడం అరుదు, అది కౌలు కోసం పెరిగే జంతువు. ఆవును తోలుకెళ్తున్నాడంటే అంతకు ముందే అన్నీ అయిపోయాయని ఊరంతటికీ అర్థమవుతుంది. ఆ దృశ్యం నీకు కావాలంటే చివరి అధ్యాయానికి దాచుకో.

ఆగస్టులోనే సంత జరగాలంటే ఒత్తిడి కౌలు నుంచి కాకుండా కొట్టు నుంచి రానీ. పాత బంగాళాదుంపలు జూన్, జూలైలకు అడుగంటుతాయి, కొత్తవి ఆగస్టుకు గాని రావు. ఆ మధ్య నెలల్లో మొక్కజొన్న పిండి అప్పు మీద తెచ్చుకుని తినేవారు. కొట్టు పద్దు ఏడాది మొత్తంలో బాగా పెరిగేది అప్పుడే. పక్ ఫెయిర్ నాటికి కొట్టువాడు మాటతో ఏమీ అనడు. పిండి తూచేటప్పుడు "సంతకి ఏం తోలుకొస్తున్నావ్?" అని అడుగుతాడు. అంతే చాలు.

శరదృతువులో అయితే గడువు మేత రూపంలో వస్తుంది. అక్టోబరు దాటితే పచ్చిక ఆగిపోతుంది. అమ్ముడుపోని ప్రతి పశువుకూ ఏప్రిల్ దాకా ఎండుగడ్డి వేయాలి. తడిసిన వేసవి తర్వాత గడ్డివామి సగమే ఉంటే, వర్తకుడు అడిగిన ధరకే దూడ పోతుంది. మీత్, కిల్‌డేర్ వైపు పచ్చిక బలంగా ఉన్న పెద్ద మేపరులకు పశ్చిమం నుంచి దూడలు వెళ్ళేవి. అక్కడ కొవ్వు పట్టాక ఇంగ్లండుకు ఓడ ఎక్కేవి. కాబట్టి నీ వర్తకుడి వెనక ఇంకో వర్తకుడు, అతని వెనక లివర్‌పూల్ ధర ఉంటాయి. కిల్లార్గ్లిన్‌కి 1885లోనే రైలు వచ్చింది. మధ్యాహ్నం వ్యాగన్లు నిండాలి కాబట్టి కొనేవాడికీ ఒక గడువుంది, నీ రైతుకి దొరికే ఒకే ఒక్క పట్టు అదే. తెల్లవారుజామున ధర తక్కువ చెప్పిన వర్తకుడు, వ్యాగన్‌లో ఇంకా రెండు పశువులకు చోటు మిగిలితే పదకొండింటికి మళ్ళీ వస్తాడు. రాకపోనూవచ్చు. రైతు ఎదురుచూసే ఆ ఖాళీ గంటల్లోనే నీ అధ్యాయం ఉంది.

ఇక బేరం నడిచే తీరు. చీకటి ఉండగానే, రెండు మూడింటికి, బయల్దేరతారు. సంత జరిగేది ఊరి వీధిలోనే. కొట్లవాళ్ళు అద్దాలు పగలకుండా ముందు రోజే కర్రలు, పలకలు అడ్డం కడతారు. కొందరు వర్తకులు ఊరి బయట రోడ్డు మీదే కాచుకుని ఉంటారు. మసక వెలుతురులో, అలసిన రైతుని, వీధిలో ధర తెలియకముందే పట్టుకోవడం వాళ్ళ ఎత్తు. అక్కడ అమ్మినవాడు తర్వాత వీధిలో ధర విని నాలుక కరుచుకోవడం ఉంది, అమ్మనివాడు సాయంత్రం అదే ధరకు బతిమాలుకోవడమూ ఉంది.

వీధిలో నిలబడ్డాక వర్తకుడు పశువుని చూడనట్టే దాటిపోతాడు. తిరిగొచ్చి, "ఎంతంటున్నావ్?" అంటాడు. విన్నాక నవ్వి వెళ్ళిపోతాడు. ఇక్కడ మూడో మనిషి రావాలి, నీ అధ్యాయంలో అతను లేడు. టాంగ్లర్ అనే మధ్యవర్తి. ఒక్కోసారి వర్తకుడి మనిషి, ఒక్కోసారి ఇద్దరి దగ్గరా ఎంతో కొంత ఆశించేవాడు. వర్తకుణ్ణి చొక్కా పట్టి వెనక్కి లాక్కొస్తాడు, రైతు అరచెయ్యి బలవంతంగా తెరిపిస్తాడు, తేడాను సగం చెయ్యమంటాడు. ఆ సగం కుదరకపోతే మిగిలిన తేడాలో మళ్ళీ సగం. చుట్టూ మూగిన జనం ఊరుకోరు, "ఇచ్చెయ్యవయ్యా" అని తోస్తారు. అరచేతిలో ఉమ్మి, చెయ్యి మీద చెయ్యి చాచి కొడితే బేరం తెగినట్టు.

నువ్వేమో రుమాలు కింద వేళ్ళతో బేరం చేయించావు. అది మన పశువుల సంతల్లో దళారుల పద్ధతి, తువ్వాలు కింద వేళ్ళు పట్టి ధర చెప్పుకోవడం. ఐర్లండ్‌లో అంతా బాహాటం, నలుగురూ వినాలనే చేస్తారు. సాక్షులే అక్కడ రసీదు. ఆ రుమాలు తీసేసెయ్.

చెయ్యి కొట్టాక పశువు మీద గుర్తు పడుతుంది. వీధిలోని బురద వేలితో తీసి వీపు మీద గీత, లేదా కత్తెరతో తొడ మీద వెంట్రుకలు కొద్దిగా కత్తిరించడం. గొర్రెలకైతే ఎర్ర రంగు. ఆ తర్వాత లక్ పెన్నీ. ఇది అమ్మినవాడు కొన్నవాడికి తిరిగి ఇచ్చే డబ్బు. నువ్వు తిరగేసి రాశావు. ఎంతన్నది చాలాసార్లు మళ్ళీ ఒక చిన్న బేరం. "లక్ పెన్నీ ఏం ఇస్తావ్?" అన్న ప్రశ్న ధర తెగకముందే వస్తే ఆ వర్తకుడు నిజంగా కొంటాడని అర్థం. డబ్బు అక్కడికక్కడ ఇవ్వరు. చాలాచోట్ల రైతే పశువుని స్టేషను దాకా తోలి, తర్వాత ఫలానా పబ్బులో వర్తకుడి దగ్గరికి వెళ్ళి తీసుకోవాలి. డబ్బు పబ్బులో చేతికి రావడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. మూడు ముక్కల ఆటగాళ్ళు కూడా ఆ గుమ్మాల దగ్గరే ఉంటారు.

ఆశీలు సంగతి కూడా ఉంది. సంత జరిపే హక్కు రాజపత్రం మీద వచ్చేది, సాధారణంగా భూస్వామికి. ఊరి చివర కస్టమ్ గ్యాప్ అనే అడ్డు దగ్గర ఆశీలు వసూలు చేసేవారు. మామూలుగా అమ్ముడుపోయిన పశువుకే. అందుకే అమ్ముడుపోలేదని ఒట్టు వేసి దాటిపోవాలని చూసేవాళ్ళు, వీపు మీద గుర్తుందేమోనని వెతికే గుమాస్తాలు ఉండేవారు. బురద గీతను చేత్తో తుడిచేసుకుని వచ్చే రైతుని ఒక్క వాక్యంలో పెట్టు, బాగుంటుంది.

మోసాలు రాయాలనుకుంటే పశువు శరీరం నుంచే రాయి. పాడి ఆవును ముందురోజు సాయంత్రం నుంచి పితకకుండా ఉంచితే పొదుగు పెద్దదిగా కనిపిస్తుంది. తెలిసిన కొనుగోలుదారు చన్నులు బిర్రబిగిసి ఉన్నాయా, పాలు వాటంతటవే కారుతున్నాయా అని చూస్తాడు. కొమ్ము మీది వలయాలను బట్టి ఎన్ని ఈతలయ్యాయో లెక్కపెడతారు. ఆ వలయాలను ఆకురాయితో అరగదీసి వయసు దాచేవాళ్ళూ ఉన్నారు. గుర్రాలదైతే వేరే లోకం, నీ నవలకు అవసరం లేదు, వదిలెయ్.

తూకం వేయించావు సంతలో, అది కూడా తీసెయ్యాలి. పశువుల సంతలో కాటాలు పెట్టాలని 1887లో చట్టం వచ్చినా, పల్లెటూళ్ళలో కంటి అంచనాతోనే కొనుగోళ్ళు సాగాయి. బరువు చూసి వేలం పాడే సహకార మార్టులు 1950లలో గాని రాలేదు. వీధి సంతలు మెల్లగా మూతపడింది వాటివల్లే.

లెక్క ఒకటి వేసి చూపిస్తాను, ఊహించి రాసిన అంకెలే. రైతు రెండేళ్ళ కోడెకు 9 పౌండ్ల 10 షిల్లింగులు చెప్పాడు. వర్తకుడు 7 పౌండ్ల 10 అన్నాడు. సగం చేస్తే 8 పౌండ్ల 10, వర్తకుడు ఒప్పుకోలేదు, 8 పౌండ్ల 5 దగ్గర చెయ్యి కొట్టారు. లక్ పెన్నీ అర క్రౌను, అంటే 2 షిల్లింగుల 6 పెన్నీలు. చేతికి వచ్చింది 8 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీలు. నవంబరు కిస్తీకి 4 పౌండ్లు పక్కన పెడితే 4-2-6. కొట్టు పద్దుకి 3 పౌండ్ల 10 కడితే మిగిలేది 12 షిల్లింగుల 6 పెన్నీలు. ఆశీలు, పబ్బులో తాగించక తప్పని గ్లాసులు, పిల్లలకు బూట్లు, అన్నీ ఇందులోంచే. ఈ 12-6 తెలిశాక, ఆ చివరి 5 షిల్లింగుల కోసం రైతు ఎందుకు అరగంట నిలబడ్డాడో పాఠకుడికి నువ్వు వివరించాల్సిన పని లేదు. 20 షిల్లింగులు ఒక పౌండు, 12 పెన్నీలు ఒక షిల్లింగు. 1971 ఫిబ్రవరి 15 దాకా ఇదే లెక్క. నీ కథలో తాత జ్ఞాపకాలు 1826కి ముందువైతే జాగ్రత్త, అప్పటిదాకా 13 ఐరిష్ పెన్నీలు 12 బ్రిటిష్ పెన్నీలకు సమానం. ఆ తాత కాగితం నోటును నమ్మకపోవడానికీ కారణం ఉంది. 1820లో దక్షిణ ఐర్లండ్‌లోని మన్స్టర్‌లో ప్రైవేటు బ్యాంకులు వరసగా మునిగాయి, జనం చేతుల్లో నోట్లు చిత్తుకాగితాలయ్యాయి.

కొలతల విషయంలోనూ తొందరపడకు. స్టోన్ అంటే 14 పౌండ్ల బరువు (ఇది డబ్బు పౌండు కాదు), హండ్రెడ్‌వెయిట్ అంటే 112 పౌండ్లు, మన లెక్కలో 50 కిలోలు దాటుతుంది. ధాన్యం బారెల్ మాత్రం పంటను బట్టి మారుతుంది. గోధుమలు 20 స్టోన్లు, బార్లీ 16, ఓట్లు 14. నీ పాత్ర "ఇరవై బారెళ్ళు" అంటే దేనివో చెప్పకపోతే ఆ మాటకు బరువు లేదు. ఊరి కాటా దగ్గర వర్తకుడు సంచి బరువు, దుమ్ము అంటూ తరుగు తీసేవాడు. మన మార్కెట్ యార్డుల గొడవలు తెలిసినవాళ్ళెవరికీ దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

కొట్టువాణ్ణి నువ్వు దుర్మార్గుడిగా రాశావు. పాఠకుడు అతన్ని రెండో పేరాలోనే మర్చిపోతాడు. గొంబీన్ మనిషి అని జనం తిట్టుకున్న ఈ వడ్డీ వ్యాపారి అంతకంటే చిక్కైన మనిషి. పిండి, టీ, పంచదార, విత్తనాలు, గుర్రపు నాడాలు, సారా, అన్నీ ఒక్క కప్పు కింద అమ్మేవాడు. పోస్టాఫీసూ అతని చేతిలోనే ఉంటే, అమెరికా నుంచి కూతురి ఉత్తరం వచ్చిన సంగతి తల్లి కంటే ముందు అతనికే తెలుస్తుంది. వడ్డీ అని విడిగా రాయడు. రొక్కానికి ఒక ధర, పద్దుకు ఒక ధర. పుస్తకం రాసేది అతనొక్కడే, చదువురాని ఖాతాదారు ఎన్నడూ దాన్ని చూడడు. కోర్టుకు లాగడం అతనికి ఇష్టం ఉండదు. బాకీ పూర్తిగా తీరితే ఖాతాదారు పక్క కొట్టుకు వెళ్ళిపోవచ్చు. కొంత తీరి, కొంత మిగలాలి. అతని వెనక కార్క్‌లోనో ట్రలీలోనో టోకు వర్తకుడున్నాడు, ఆ బిల్లుకూ గడువుంది. పందుల ధర పడిపోయిన ఏడాది అతని నిద్ర కూడా పోతుంది. అది ఒక్కసారి చూపించు చాలు.

ఆడవాళ్ళ వ్యాపారాన్ని పూర్తిగా వదిలేశావు. బ్రిజిడ్ మూడు అధ్యాయాల్లోనూ పొయ్యి దగ్గరే ఉంది. ఇంట్లో వారం వారం కదిలే వ్యాపారం ఆమెది. గుడ్లు కొట్టుకి వెళ్తాయి, బదులు టీ, పంచదార, పొగాకు వస్తాయి. నాణెం కనపడదు. గాడిద బండి మీద ఇల్లిల్లూ తిరిగి గుడ్లు కొనే ఎగ్లర్లూ ఉండేవారు. టోకున గుడ్ల వంద అంటే 120, పది డజన్లు. తప్పు జరిగేది నిలవలో. శీతాకాలంలో గుడ్లు తక్కువ, ధర ఎక్కువ. ఇంకా పెరుగుతుందని వారాల తరబడి దాస్తే కుళ్ళుతాయి, తడి గడ్డిలో పెడితే ముక్కిపోయిన వాసన పడతాయి. కొట్టువాడు లెక్కబెట్టి కొంటాడు గాని తూచి కొనడు కాబట్టి, పెద్ద గుడ్డుకూ చిన్న గుడ్డుకూ ఒకటే ధర. తాజాగా తేవాలని ఎవరికీ పట్టదు. సహకార సంఘాలు వచ్చి బరువు లెక్కన కొనడం మొదలుపెట్టాక గాని ఇది మారలేదు.

వెన్న ఇంకా పెద్ద కథ. కార్క్‌లో వెన్న మార్కెట్ 1769 ప్రాంతంలో మొదలై 1924 దాకా నడిచింది, ఒక దశలో ప్రపంచంలోనే పెద్దదిగా పేరు. కెర్రీ కొండల నుంచి గుర్రాల మీద, తర్వాత బండ్ల మీద, ఫిర్కిన్ అనే చెక్క పీపాల్లో వెన్న అక్కడికి వెళ్ళేది. మూడు ఆవుల ఇంట్లో వారానికి ఒకటి రెండుసార్లు చిలుకుతారు. పీపా నిండటానికి వారాలు పడుతుంది. అడుగు పొర పాతది, పైపొర కొత్తది, ఒక్కో పొరలో ఉప్పు ఒక్కోలా, రంగు ఒక్కోలా. పరీక్షకుడు పొడవాటి బోలు బరమా పీపాలోకి గుచ్చి తీస్తే పైనుంచి కిందికి వారాల చరిత్ర మొత్తం ఒక్క కడ్డీగా బయటికి వస్తుంది. వాసన చూసి, రుచి చూసి, మొదటి రకం నుంచి ఆరో రకం దాకా ముద్ర వేస్తాడు. ఒక్క వారం కుండ సరిగ్గా కడగకపోతే ఆ పొర మొత్తం పీపాను కిందికి లాగేస్తుంది. మార్కెట్లో వర్తకుడి దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటే, వేరేవాడు ఎక్కువ ఇస్తానన్నా వెన్న అతనికే వెయ్యాలి.

1889లో లిమరిక్ జిల్లా డ్రమ్‌కొలొహర్‌లో మొదటి సహకార క్రీమరీ, అంటే పాలు పోయించుకుని వెన్న తీసే కేంద్రం, తెరిచారు. తర్వాతి ఏళ్ళలో అవి మన్స్టర్ అంతటా వ్యాపించాయి. పాలు పొద్దున్నే గాలన్లలో బండెక్కి వెళ్ళిపోతాయి, వెన్న తీసిన పాలు దూడలకూ పందులకూ తిరిగొస్తాయి, నెలకోసారి చెక్కు వస్తుంది. చెక్కు వచ్చేది మగవాడి పేరు మీద. వెన్న డబ్బు బ్రిజిడ్ చేతిలోంచి ఒక్క నెలలో జారిపోయింది. నీ నవల నడిచే ఏళ్ళు సరిగ్గా ఇవే, ఇంకో మలుపు కోసం ఓడ ప్రమాదం పెట్టక్కర్లేదు.

మరికొన్ని పొడిగా. మూడో అధ్యాయంలో భూస్వామి ఏజెంటు ఒక్కమాటతో కౌలు పెంచేశాడు. 1881 భూచట్టం తర్వాత కోర్టులో కౌలు తేల్చుకున్న రైతుకి అది 15 ఏళ్ళు మారదు. నీ రైతు కోర్టుకి వెళ్ళాడో లేదో నువ్వు ముందే నిర్ణయించుకోవాలి. ఆర్నెల్ల జీతానికి పిల్లల్ని పెట్టే కూలి సంత నీకు నచ్చినట్టుంది, కానీ దాని అసలు చోటు ఉత్తరాన, లెటర్‌కెన్నీ, స్ట్రబేన్, డెర్రీ వైపు, మే 12, నవంబరు 12 ప్రాంతాల్లో. కెర్రీకి దాన్ని యథాతథంగా ఎత్తుకురాకు. ఆచారాలు చల్లేటప్పుడు చెయ్యి బిగించు. మే డే రోజు పాలు, వెన్న, నిప్పు ఇంటి గడప దాటనివ్వకపోవడం ఒక్కటి చాలు, కొట్టువాడి మనిషి సరిగ్గా ఆ రోజే వెన్నకి వచ్చాడనుకో.

చదవడానికి దగ్గర్లోనే గని ఉంది. 1937 నుంచి 1939 దాకా 26 కౌంటీల బడిపిల్లలు ఇళ్ళలో పెద్దవాళ్ళని అడిగి రాసిన జానపద సేకరణలో సంతలు, కొనడం అమ్మడం అన్న అంశాలున్నాయి. చిందీలు తీసుకుని పింగాణీ గిన్నెలిచ్చే బండివాళ్ళు, ఈకలు కొనేవాళ్ళు, ఆదివారం చర్చి గేటు దగ్గర అమ్మకాలు, డబ్బుకు బదులు పని చేసి తీర్చడం, అన్నీ దొరుకుతాయి. పిల్లల రాత కాబట్టి "పూర్వం కొట్లే ఉండేవి కావు" లాంటి వాక్యాలను మాత్రం నమ్మకు. ధరలకు అది సరిపోదు. స్థానిక పత్రికల్లో ప్రతి సంత తర్వాతా వచ్చిన నివేదికలు చూడు. చూడి పెయ్య ఎంత, రెండేళ్ళ కోడె ఎంత, కొనేవాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారు, సరుకు మిగిలిందా లేదా, రెండు మూడు వాక్యాల్లో ఉంటుంది. నీ సంత తేదీకి దగ్గరగా ఉన్నది ఎంచుకుని ఆ ధరలే వాడు.

రెండో అధ్యాయం మళ్ళీ రాసే ముందు, నీ రైతు ఇంటి లెక్క ఒక కాగితం మీద వెయ్యి. ఏడాదిలో వచ్చేవి ఏ నెలలో, పోయేవి ఏ నెలలో, ఎవరికి ఎంత బాకీ, ఏ తేదీకి. వర్తకుడికీ అలాంటిదే ఇంకోటి, వ్యాగన్ వేళతో సహా. కొట్టువాడికి మూడోది. ఆ అంకెల్లో పది శాతం కూడా కథలోకి రానక్కర్లేదు. ఎవరు ఏ క్షణంలో వెనక్కి తగ్గుతారో మాత్రం ఆ మూడు కాగితాల్లోంచే రావాలి. దసరా లోపు పంపగలిగితే తీరిగ్గా చదువుతాను, రాతప్రతితో పాటు ఆ కాగితాలు కూడా జత చెయ్యి.

ఆశీస్సులతో.